చైన్ మిషన్‌తో చెట్టు కోత: కాలూ చెయ్యీ దక్కించుకునే పద్ధతి

రేసు వదిలేశాక కూడా చైన్ ఒకటి రెండు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా ఎడమ మోకాలి పైన పదకొండు కుట్లు పడేవి కావు. దేవరకొండ వైపు ఒక బావి కాడ సర్కారు తుమ్మ కొడుతున్నాం. పెద్ద మొద్దులన్నీ అయిపోయాయి. మిగిలింది నా బొటనవేలంత కొమ్మ. దాన్ని కోసి, రేసు వదిలి, అలవాటుగా మిషన్‌ను తొడ పక్కకు దించాను. ప్యాంటు పరపర చిరిగిన చప్పుడు ముందు వినపడింది. నొప్పి తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి ఈ పనిలో ఎవరికి దెబ్బ తగిలినా ఎట్లా తగిలిందని అడగడం అలవాటైంది. విన్న కథలన్నీ దాదాపు ఒకటే. పెద్ద మాను పడేటప్పుడు అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. దెబ్బలు తగిలేది చిన్న కొమ్మల కాడ, ఆఖరి కోత కాడ, అన్నానికి లేచే ముందు. అందుకే ఇందులో చెట్టు పడగొట్టడం గురించి ఎంత ఉందో, పడ్డాక కొమ్మలు తీయడం గురించీ అంతే ఉంటుంది.

ముందు తెలియాల్సింది: మిషన్ ఎందుకు తన్నుతుంది

చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పలకను బార్ అంటారు. చైన్ ఆ బార్ పైభాగాన మీ నుంచి కొన వైపు పరుగెడుతుంది, అడుగున కొన నుంచి మీ వైపు తిరిగొస్తుంది. అందుకే అడుగుతో కోస్తే మిషన్ చెట్టు వైపు లాక్కుంటుంది. పైభాగంతో కోస్తే మీ మీదికి నెడుతుంది. ఈ రెండింటినీ చేతులు కాచుకోగలవు. కాచుకోలేనిది బార్ ముక్కు పైసగం. బార్ కొన కుడివైపుకు ఉండేలా మిషన్‌ను పక్క నుంచి చూస్తే, గడియారంలో 12కు 3కు మధ్య ఉండే భాగమది. అది మొద్దుకో, వెనక దాగిన కొమ్మకో తగిలితే పళ్లు చెక్కను కోయలేక పట్టుకుంటాయి. తిరిగే బలమంతా బార్‌ను పైకి, వెనక్కి విసురుతుంది. సెకనులో పదో వంతు చాలు. చేతితో ఆపుదాం అనుకునేలోపే మెడ కాడికి వచ్చేస్తుంది.

దీనికి మందు మూడు అలవాట్లు. ఎడమ చేయి ముందు పిడి మీద, బొటనవేలు పిడి కిందికి చుట్టి ఉండాలి. వేళ్లన్నీ ఒకే వైపు ఆనిస్తే తన్నినప్పుడు పిడి జారిపోతుంది. తల ఎప్పుడూ బార్ గీతకు సూటిగా ఉండొద్దు, కొంచెం ఎడమకు ఉండాలి. మూడోది, భుజం కన్నా ఎత్తులో కోయొద్దు. ఒంటిచేత్తో కోసేవాళ్లు మన దగ్గర చాలామంది. ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని కుడిచేత్తో మిషన్ ఆడిస్తారు. చూడ్డానికి హీరోలాగే ఉంటుంది. ఎడమ మణికట్లు తెగేది అట్లనే.

మిషన్‌ను సిద్ధం చేయడం

ఆన్‌లైన్‌లో చవకగా దొరికే 58 సీసీ, 22 అంగుళాల బార్ మిషన్లే ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. వాటిని తప్పుపట్టను, నేనూ దాంతోనే మొదలుపెట్టాను. కానీ ఏ మిషన్ అయినా పొద్దున్నే ఈ పరీక్షలు దాటాలి.

స్టార్ట్ చేసి రేసు ఇవ్వకుండా వదిలితే చైన్ కదలకూడదు. పాకుతుంటే స్లో స్పీడ్ స్క్రూ తగ్గించండి. అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగులు సాగిపోయాయన్నమాట, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. తర్వాత బ్రేకు. మిషన్ నేలమీద పెట్టి రెండు చేతులా పట్టుకుని రేసు ఇచ్చి, ఎడమ మణికట్టుతో ముందున్న ప్లాస్టిక్ గార్డును ముందుకు నెట్టండి. చైన్ టక్కున ఆగాలి. ఈ గార్డు విరిగితే "అది అడ్డమే అన్నా" అని పీకి పారేసి పనిచేసేవాళ్లున్నారు. అది ఉత్త అడ్డు కాదు, బ్రేకు మీటే అది. మిషన్ తన్నినప్పుడు చెయ్యి దానికి తగిలో, విసురుకు దానంతటదో పడి చైన్‌ను ఆపుతుంది. గార్డు లేని మిషన్ ఎంత కొత్తదైనా నేను ముట్టుకోను.

చైన్ బిగువు: బార్ మధ్యలో చైన్‌ను పైకి లాగితే కింది పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. అట్లని చేత్తో లాగితే తిరగకుండా బిగుసుకుపోయీ ఉండకూడదు. వదులు చైన్ గాడి తప్పుతుంది, లేదా తెగి కొరడాలా వస్తుంది. చైన్ ఆయిల్ వస్తోందో లేదో చూడ్డానికి బార్ కొనను ఎండుటాకు మీదకు చూపించి రేసు ఇవ్వండి, సన్నటి నూనె గీత పడాలి. పెట్రోల్ ట్యాంకు నింపిన ప్రతిసారీ చైన్ ఆయిల్ ట్యాంకు కూడా నింపాలి.

పెట్రోల్‌లో 2టీ ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. అందాజాగా పొయ్యకండి. వేడి మిషన్‌లో పెట్రోల్ పొయ్యొద్దు. పోసిన చోటి నుంచి పదడుగులు దూరం జరిగాకే స్టార్ట్ చేయాలి. బీడీ సంగతి వేరే చెప్పాలా?

ఇక పదును. మొద్దుబారిన చైన్ సగం ప్రమాదాలకు తల్లి అంటాను నేను. కోయదు కాబట్టి మనిషి ఒత్తుతాడు, ఒత్తినప్పుడు కోత అయిపోగానే మిషన్‌తో పాటు మనిషీ తూలుతాడు. గుర్తుపట్టడం తేలిక: పదునున్న చైన్ పొట్టు రేకుల్లా పడుతుంది, మొద్దుది పిండిలా రాలుతుంది. 58 సీసీ మిషన్లకు ఎక్కువగా వచ్చే .325 సైజు చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి మాత్రమే రాయాలి. ప్రతి పంటికీ లెక్క ఒకటే, నాలుగు అంటే నాలుగు. ఒక వైపు ఎక్కువ రుద్దితే కోత వంకర పోతుంది. పంటి ముందుండే బొడిపెను మాత్రం ఇష్టమొచ్చినట్టు అరగదీయకండి. ఆ బొడిపె పన్ను ఎంత లోతుకు దిగాలో చెబుతుంది. అది మరీ తగ్గితే పన్ను ఎక్కువ చెక్క పట్టుకుని మిషన్ మరింత గట్టిగా తన్నుతుంది.

ఒంటి మీద ఏముండాలి

లుంగీ, స్లిప్పర్లు, మెడలో తువ్వాల: మన దగ్గర చెట్లు కొట్టేవాళ్ల యూనిఫాం ఇది. మెడలోని తువ్వాల కొస చైన్‌కు అందితే ముఖాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. తలకు చుట్టుకుని బిగించండి, అదీ హెల్మెట్ లేకపోతేనే.

డబ్బులు పెట్టి కొనాల్సిన మొదటి వస్తువు చాప్స్, అంటే తొడలకు ముందువైపు కట్టుకునే కవచం. లోపల పొరలు పొరలుగా పొడవాటి దారాలుంటాయి. చైన్ తగలగానే అవి బయటికి వచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తాయి. క్లాస్ 1 అని రాసి ఉన్నది సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్ మీద పరీక్షించినది. ఫుల్ రేసులో మిషన్ అంతకన్నా వేగంగా తిరగొచ్చు కాబట్టి అది వజ్రకవచం కాదు. ఒకసారి తెగితే కుట్టి మళ్లీ వాడొద్దు. "ఈ ఎండలో అవి కట్టుకుంటే చస్తాం అన్నా" అంటారు. నిజమే, నల్గొండ మే నెల సంగతి నాకు తెలియనిదా. చాప్స్‌కు వెనకవైపు ఖాళీయే కాబట్టి ప్యాంటులాంటి వాటికన్నా గాలి ఆడుతుంది. వేసవిలో పొద్దున ఆరుకు మొదలుపెట్టి పదికల్లా మిషన్ ఆపేస్తాను. వడదెబ్బ అంచున ఉన్నవాడి చేతిలో మిషన్ ఉండటం తాగినవాడి చేతిలో ఉన్నట్టే.

చెవులకు మఫ్స్ కావాలి, ఈ మిషన్ చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది. కళ్లకు అద్దాలు. కాళ్లకు ముందు ఇనుప తొడుగున్న బూట్లు. సర్కారు తుమ్మ ముల్లు ట్రాక్టర్ టైరులోకే దిగుతుంది, స్లిప్పర్ ఎంత?

చెట్టు కాడికి పోయాక, స్టార్ట్ చేయకముందు

పొలంలోని చెట్టు అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. ఏ జాతికి అనుమతి కావాలో ఫారెస్టు రేంజ్ ఆఫీసులో ముందే కనుక్కోండి. కరెంటు తీగ దగ్గరుంటే 1912కు ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్‌నే పిలవండి. ఆయన ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించడం) తీసుకున్నాననే వరకు ఆకు కూడా ముట్టొద్దు. "కరెంటు పోయింది, గబగబా కొట్టేద్దాం" అనే మాట వినపడితే అక్కడి నుంచి వెళ్లిపోండి. పోయిన కరెంటు మీకు చెప్పి రాదు. పచ్చికొమ్మలో పారుతుంది కూడా.

తర్వాత చెట్టు చుట్టూ నిదానంగా ఒక చుట్టు తిరగండి. తల ఎటు వాలింది, కొమ్మల బరువు ఎటుంది, గాలి ఎటు కొడుతోంది, పైన ఎండుకొమ్మలు ఆగి ఉన్నాయా, తేనెపట్టు ఉందా. గొడ్డలి వెనకతో మానును నాలుగు చోట్ల కొట్టి వినండి. గట్టి మాను ఖణ్ మంటుంది. డొల్ల మాను డొబ్ మంటుంది. పాత చింతలు, మర్రులు పైకి పచ్చగా ఉండి లోపల గుల్లయి ఉంటాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికే చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చింది. డొల్ల చెట్టు మీరు అనుకున్న వైపు పడదు. దాన్ని జేసీబీకి వదిలేయండి.

చెట్టు ఎత్తు తెలియడానికి ఒక చిట్కా. మీ చేయంత పొడవున్న పుల్ల తీసుకుని, చెయ్యి చాచి నిలువుగా పట్టుకోండి. పుల్ల కింది కొస చెట్టు మొదలుకు, పై కొస చెట్టు కొసకు సరిగ్గా కప్పేదాకా వెనక్కి నడవండి. మీరు ఆగిన చోటి నుంచి చెట్టుకు ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు. దానికి రెట్టింపు దూరంలో మేకలు, పిల్లలు, ఫోన్‌లో వీడియో తీసే తమ్ముళ్లు ఎవరూ ఉండకూడదు.

పారిపోయే దారి కూడా ఇప్పుడే శుభ్రం చేయాలి. చెట్టు పడే వైపుకు ఎదురుగా కాదు, వెనకవైపు ఏటవాలుగా రెండు దారులు. నేరుగా వెనక్కి పోతే ఎగిరిన మొదలు తగులుతుంది.

పడగొట్టడం

మిషన్ నేలమీద పెట్టి, బ్రేకు వేసి, ఎడమ చేత్తో ముందు పిడి అదిమి, కుడి కాలి బూటు వెనక పిడిలో పెట్టి తాడు లాగండి. గాల్లో ఊపుతూ లాగే స్టైలు మానేయండి.

1. చెట్టు పడాల్సిన వైపు నోరు తెరవాలి. ముందు పై నుంచి ఏటవాలు కోత, తర్వాత కింద అడ్డం కోత. రెండూ సరిగ్గా ఒక గీత మీద కలవాలి. లోతు మానులో నాలుగో వంతు చాలు. ముక్క ఊడిరావాలి, కొట్టి పీకొద్దు.

2. వెనక కోత నోటి మూల కన్నా అంగుళం, రెండంగుళాలు ఎత్తులో మొదలవుతుంది. ఇక్కడే మొత్తం పని ఉంది: కోత నోటిదాకా పోకూడదు. మధ్యలో మాను మందంలో పదో వంతు పట్టీ మిగలాలి. 40 సెంటీమీటర్ల మానుకు 4 సెంటీమీటర్లు. తలుపుకు బందు ఎట్లానో చెట్టుకు ఈ పట్టీ అట్లా. అది ఉన్నంతసేపు చెట్టు చెప్పిన వైపు ఒరుగుతుంది. అది కోసేశారంటే చెట్టు తన ఇష్టం.

3. బార్ లోపలికి పోగానే వెనక సందులో మేకులా చెక్కిన కర్రముక్క దిగ్గొట్టండి, చెట్టు వెనక్కి కూర్చోదు. ఇనుప ముక్క వాడితే చైన్ దానికి తగిలి పళ్లు పోతాయి.

4. మాను కిర్రుమనగానే బ్రేకు వేసి, అనుకున్న దారిలో నడవండి. చూపు పైన. చెట్టు ఒరిగేటప్పుడు పక్క చెట్టు కొమ్మలు విరిచి వెనక్కి విసురుతుంది. మిషన్ ఇరుక్కుంటే అక్కడే వదిలేయండి. మిషన్ ఇంకోటి వస్తుంది.

బాగా వాలిన జామాయిల్ చెట్లకు ఈ లెక్క చాలదు. వెనక నుంచి కోస్తుండగానే మాను నిట్టనిలువునా చీలి, చీలిన చెక్క వెనక్కి లేచి కోసేవాడి గదమకు తగులుతుంది. వాటికి వేరే కోత ఉంది, అది చూసి నేర్చుకోవాల్సింది, చదివి కాదు. తాటిచెట్లలోనూ మాను అంతా నారే కాబట్టి ఆ బందు నమ్మకంగా నిలవదు.

తాడు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. చెట్టుకు తాడు కట్టి నలుగురు పట్టుకుని లాగడం మన ఊళ్ల పద్ధతి. ఆ నలుగురూ ఎక్కడ నిలబడతారు? సరిగ్గా చెట్టు పడే దారిలో. తాడు చెట్టు ఎత్తుకు రెట్టింపు అయినా ఉండాలి, లేదా దాన్ని ఇంకో చెట్టు మొదలు చుట్టూ తిప్పి పక్కనుంచి లాగాలి. లాగమని చెప్పేది ఒక్కరే, అదీ చేతి సైగతో. చెవులకు మఫ్స్ పెట్టుకున్నవాడికి అరుపులు వినపడవు.

చెట్టు పక్క చెట్టు మీద వాలి ఆగిపోతే దాని కిందికి ఎవరూ పోవద్దు. ఆపిన చెట్టును కొట్టే తెలివి అసలే వద్దు. ట్రాక్టర్‌కు గొలుసు కట్టి మొదలును వెనక్కి లాగండి.

కొమ్మలు తీయడం

చెట్టు పడగానే అందరి భుజాలూ దిగుతాయి. ఒకడు బీడీ ముట్టిస్తాడు. ఇంకొకడు "ఇంకేముందన్నా, చిల్లర పనే కదా" అంటాడు. నా పదకొండు కుట్లూ ఆ చిల్లర పనివే.

పడిన చెట్టు కింద కొన్ని కొమ్మలు దాని బరువు మోస్తూ విల్లులా వంగి ఉంటాయి. సర్కారు తుమ్మలో ఇది మరీ ఎక్కువ, ఒక్క మొదలు నుంచి పది మానులు, ఒకదాన్లో ఒకటి పెనవేసుకుని. ప్రతి కొమ్మ ముందూ ఒక్క క్షణం ఆగి చూడండి: ఇది ఎటు వంగి ఉంది? వంపు లోపలివైపు నార నొక్కుకుని ఉంటుంది, బయటివైపు సాగి ఉంటుంది. సాగిన వైపు ముందు కోస్తే కొమ్మ ఫట్‌మని విడిపోయి మీ దవడ పగలగొడుతుంది. నొక్కుకున్న వైపు ముందు మూడో వంతు కోయండి, బార్ ఇరుక్కునే లోపే తీయండి. తర్వాత సాగిన వైపు నుంచి కొంచెం కొంచెం తెగ్గొట్టండి. వంపు బయటివైపు మాత్రం నిలబడొద్దు.

వేలు మందం రెమ్మలకు మిషన్ ఎందుకు? కొడవలి, గొడ్డలి ఉన్నాయి కదా. సన్నటి రెమ్మ చైన్‌లో చిక్కి కొరడాలా ముఖానికి వస్తుంది. బత్తాయి తోటలు తీసేవాళ్లకు ఇది బాగా తెలుసు. కొమ్మలన్నీ ఛాతీ ఎత్తులో, దట్టంగా, ముళ్లతో. మీరు కోసే కొమ్మ మీకు కనిపిస్తుంది కానీ బార్ ముక్కు దాని వెనక ఇంకో కొమ్మకు తగులుతుంది, మిషన్ తన్నుతుంది. ముందు గొడ్డలితో చిన్నవి తీసి లోపల వెలుతురు చేసుకోవాలి. బార్ కొన ఎక్కడుందో కనపడని చోట కోత లేదు.

వీలైనంతవరకు మాను మీకు మిషన్‌కు మధ్యలో ఉండేలా నిలబడండి. వాలు నేలమీద ఎత్తు వైపు ఉండాలి. ఒక కొమ్మ నుంచి ఇంకోదానికి రెండడుగులు దాటి పోవాలంటే బ్రేకు వేయండి. రేసు వదిలాక చైన్ ఆగిందని కంటితో చూశాకే మిషన్ దించండి. నేను ఇప్పుడు మనసులో మూడు లెక్కపెడతాను.

చెట్టెక్కి కోయడం వేరే విద్య. నిచ్చెన మీద మాత్రం మిషన్ వద్దే వద్దు. ఎక్కాల్సిందే అయితే చేతిరంపం, నడుముకు తాడు. గీత కార్మికులకు ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారితే మనిషిని పట్టి ఆపేందుకే అవి. మన పనిలోనూ పైకెక్కేవాడికి అట్లాంటిదొకటి ఉండాలి.

తెగితే

చైన్ కత్తిలా గీయదు, మాంసాన్ని తవ్వుకుంటూ పోతుంది. గాయంలో పొట్టు, నూనె, మట్టి ఉంటాయి. తొడలో పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాలే టైము.

అందుకే పని మొదలుపెట్టేటప్పుడే చూసుకోండి: ఇక్కడ ఫోన్ సిగ్నల్ ఉందా, 108కి ఏ గుర్తు చెప్పాలి, బావి బాట మొదట్లో ఎవరు నిలబడతారు. ఒంటరిగా చెట్టు కోయొద్దనేది ఇందుకే.

రక్తం చిమ్ముతుంటే మనిషిని పడుకోబెట్టి, శుభ్రమైన బట్టను గాయంలోకి కూరి రెండు అరచేతులతో ఒంటి బరువు పెట్టి అదమండి. తీసి తీసి చూడొద్దు. ఆగకపోతే, చేతికో కాలికో అయితే, గాయానికి రెండు మూడంగుళాల పైన, కీలు మీద కాకుండా, తువ్వాలను రెండంగుళాల వెడల్పు పట్టీగా మడిచి కట్టి, ముడిలో పుల్ల పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పండి. సన్నతాడు, తీగ వాడొద్దు. కట్టిన టైము అతని నుదుటి మీదో చేతి మీదో రాయండి. ఆసుపత్రి దాకా విప్పొద్దు. కాఫీ పొడి, పసుపు, సున్నం ఏవీ పెట్టొద్దు, డాక్టరు వాటిని కడగడానికే సగం టైము పోతుంది. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వొద్దు, ఆపరేషన్ పడొచ్చు. వేలు తెగిపడితే తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐస్ మీద పెట్టండి. వేలుకు ఐస్ నేరుగా తగలొద్దు. చిన్న గాయమైనా టీటీ ఇంజెక్షన్ తప్పదు.

పనిలో పని, బ్యాంకు ఖాతా ఉన్న కూలీలందరితో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, ఒక చెయ్యో కాలో పోతే లక్ష. రెండు చాయల ఖర్చు.

సాయంత్రం

కోత అయ్యాక చైన్ కొంచెం వదులు చేయండి. వేడిలో సాగిన చైన్ చల్లారితే కుంచించుకుని బార్‌ను, ఇరుసును లాగేస్తుంది. పక్క మూత తీసి పొట్టు, నార దులపండి. బ్రేకు పట్టీ దగ్గర పేరుకున్న పొట్టే రేపు పొద్దున బ్రేకు పట్టకుండా చేస్తుంది. వారం పది రోజులు పని లేదంటే పెట్రోల్ పూర్తిగా తీసి, ఆగేదాకా నడిపి, బార్‌కు తొడుగు వేసి దూలం మీద పెట్టండి. మా ఇంట్లో ముందు మంచం కింద ఉండేది. మా చిన్నోడు ఒకసారి తాడు లాగి చూశాక దూలం మీదికి ఎక్కింది.